వాడేవారి అవసరం తెలుసుకోవడానికి ఏ దారి? అనంతపురం బోరు మోటార్ల దగ్గర తేలిన పోలిక

వస్తువు తయారుచేసేవారిలో వినియోగదారుడి అవసరమే ముఖ్యమన్న మాటను కాదనేవారు ఎవరూ ఉండరు. ఆ అవసరం ఏమిటో ఎవరిని అడగాలి, ఎలా అడగాలి, అడిగితే చెప్పేది ఎంతవరకు నమ్మాలి అన్న చోటే అందరం తడబడతాము. డీలర్లను అడగాలా, ఫారం పంపాలా, ఇంటికి వెళ్లి మాట్లాడాలా, పొలం గట్టు మీద కూర్చుని చూడాలా, పరికరం నుంచి వచ్చే లెక్కలు తీయాలా అన్న సందిగ్ధంలో ఉన్నవారి కోసం ఈ పోలిక రాస్తున్నాను.

నేను అనంతపురంలో బోరు మోటార్లకు మొబైల్ స్టార్టర్లు తయారుచేసే ఒక చిన్న యూనిట్‌లో ప్రొడక్ట్ మేనేజర్‌ని. స్టార్టర్ డబ్బాలో ఒక సిమ్ కార్డు ఉంటుంది. రైతు ఇంటి దగ్గరి నుంచి ఆ నంబరుకు ఫోన్ చేస్తే పొలంలో మోటారు ఆన్ అవుతుంది, మళ్లీ చేస్తే ఆఫ్ అవుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన కురిసే ఈ సీమలో చీనీ (బత్తాయి), దానిమ్మ, అరటి తోటలన్నీ బోర్ల మీదే బతుకుతాయి. త్రీఫేజ్ కరెంటు ఫీడరును (ఊళ్లకు కరెంటు తెచ్చే లైనును) బట్టి వేర్వేరు వేళల్లో వస్తుంది కనుక, దాని కోసం కాచుకుని కూర్చునే పని తప్పించడమే ఈ పరికరం చేసే మేలు. నా ఉదాహరణలు ఎక్కువగా ఇక్కడివే అయినా, కారంపొడి అమ్మేవారికీ, చీరలు నేయించేవారికీ, యాప్ తయారుచేసేవారికీ ఇవే ప్రశ్నలు ఎదురవుతాయి.

## ముందుగా చూసుకోవలసినవి

పద్ధతుల పేర్లు చూసే ముందు నాలుగు విషయాలు తేల్చుకోవాలి. వీటిలో మొదటిదానికే ఎక్కువ సమయం ఇవ్వమని నా సలహా.

వినియోగదారుడు అంటే ఎవరు? మా స్టార్టర్ కొనేది తరచుగా బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు. వాడేది ఊళ్లో ఉండే తండ్రి. బిగించేది, చెడిపోతే విప్పేది మండల కేంద్రంలోని మోటారు మెకానిక్. కొడుకు ధర, ఫోన్‌లో యాప్ ఉందా లేదా చూస్తాడు. తండ్రికి కీప్యాడ్ ఫోన్‌తో పని జరగాలి. మెకానిక్‌కు వైర్లు సులువుగా దొరికేలా లోపల చోటు ఉండాలి. వీరు ముగ్గురూ కోరేవి వేర్వేరు. ఒక్కోసారి ఒకదానికొకటి అడ్డు కూడా. ఏ పద్ధతి ఎవరి గొంతు వినిపిస్తుందో తెలియకుండా దాన్ని ఎంచుకుంటే, కొడుకు చెప్పినదాన్ని తండ్రి అవసరంగా రాసుకుంటాము.

ఏ నిర్ణయం కోసం అడుగుతున్నాము? కొత్తగా ఏమి చేయాలో తెలియనప్పుడు కావలసింది కారణం. రెండు నమూనాల్లో ఏది ముందు తేవాలో తేల్చవలసినప్పుడు కావలసింది సంఖ్య. కారణం చెప్పే పద్ధతి సంఖ్యను చెప్పదు. సంఖ్య చెప్పే పద్ధతి కారణాన్ని దాచేస్తుంది.

మనిషి చెప్పినదా, చేసినదా? ఇంటికి వచ్చినవారిని నొప్పించకూడదన్న మర్యాద మన దగ్గర ఎక్కువ. ఎదురుగా కూర్చున్నవారితో బాగాలేదని అనడానికి మనసొప్పదు. అందుచేత చెప్పే మాటకూ చేసే పనికీ మధ్య దూరం ఉంటుందని అనుకునే మొదలుపెట్టాలి.

సమయం, ఖర్చు. దీనికి పెద్ద వివరణ అక్కరలేదు. మన చేతిలో రెండు రోజులు ఉన్నాయా, రెండు నెలలు ఉన్నాయా అన్నది మాత్రం ముందే నిజాయితీగా రాసుకోవాలి.

## డీలర్ల మాట, మెకానిక్‌ల మాట

అన్నిటికన్నా సులువుగా, ఒక్క ఫోన్‌తో దొరికేది డీలర్ల అభిప్రాయం. చిన్న యూనిట్లు ఎక్కువగా దీని మీదే నడుస్తాయి. డీలరుకు పోటీ కంపెనీలు ఏమి అమ్ముతున్నాయో, ఏ ధర దగ్గర బేరం తెగుతుందో, ఏ నెలలో సరుకు కదులుతుందో బాగా తెలుసు. కాని ఆయన చూసేది కౌంటరు దగ్గర జరిగే పది నిమిషాల బేరం మాత్రమే. ఆ తరువాత మూడేళ్లు పొలంలో జరిగేది ఆయన కంటికి అందదు.

ఒక ఏడాది డీలర్లందరూ ఒకే మాట అన్నారు: పెద్ద డిస్‌ప్లే పెట్టండి, పక్కవాళ్లు పెట్టారు. మేము పెట్టాము, దానితో ధరా పెరిగింది. తరువాత పొలాలకు వెళ్లి చూస్తే మా స్టార్టర్లన్నీ దొంగల భయంతో తాళం వేసిన ఇనుప పెట్టెల్లో ఉన్నాయి. ఆ డిస్‌ప్లేను బిగించిన రోజు తప్ప ఎవరూ చూడడం లేదు. అది అంగట్లో కొనేవాడి కంటికి నచ్చింది కాబట్టి డీలరు చెప్పినది అబద్ధమేమీ కాదు. అమ్మకానికి పనికివచ్చే సంగతిని వాడకానికి పనికివచ్చేదిగా తీసుకున్న తప్పు మాది.

అదే కాలంలో ఒక మెకానిక్ వేరే మాట చెప్పాడు. వైరు వెళ్లే రంధ్రం పెద్దదిగా ఉన్నందున వెచ్చదనానికి బల్లులు లోపలికి దూరి, మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ దగ్గర చస్తున్నాయనీ, చీమలు పడితే కాంటాక్టు సరిగా కలవడం లేదనీ చెప్పి, తన దుకాణంలో విప్పి పెట్టిన నాలుగు డబ్బాలు చూపించాడు. రంధ్రానికి రబ్బరు బిగింపు వేయడానికి అయ్యే ఖర్చు డిస్‌ప్లేతో పోలిస్తే ఏమీ కాదు. డీలరునూ మెకానిక్‌నూ మధ్యవర్తులని ఒకే గాట కట్టకూడదు. చెడిపోయిన వస్తువును చేత్తో విప్పే మనిషి మాటకు నేను ఎక్కువ విలువ ఇస్తాను.

## ప్రశ్నావళి, ఫోన్ సర్వే

వందల మందిని తక్కువ ఖర్చుతో చేరడానికి ఇదే దారి. ఏ ప్రశ్న అడగాలో ముందే తెలిసినప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. తెలియనప్పుడు మాత్రం మన ఊహలకే శాతాలు కట్టి ఇస్తుంది. వాట్సాప్‌లో ఫారం పంపితే జవాబిచ్చేవారు స్మార్ట్‌ఫోన్ ఉన్నవారు, తీరిక ఉన్నవారు, చదువుకున్నవారు. మా విషయంలో వారందరూ దాదాపు కొడుకులే.

ప్రశ్నల భాష కూడా ఫలితాన్ని మారుస్తుంది. "పరికరపు వినియోగ సౌలభ్యం పట్ల మీ సంతృప్తి స్థాయి" అని మేము మొదట రాసిన ప్రశ్నకు అందరూ మధ్యస్థమైన అంకె ఇచ్చారు. ఫోన్ చేసి "వాడేటప్పుడు ఏమన్నా తిప్పలు పడినారా?" అని అడగడం మొదలుపెట్టాక గాని మాటలు రాలేదు.

చాలామంది అడిగే నెట్ ప్రమోటర్ స్కోర్ గురించి రెండు మాటలు చెప్పాలి. ఫ్రెడ్ రైక్‌హెల్డ్ 2003లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో దీన్ని ప్రతిపాదించారు. ఈ వస్తువును తెలిసినవారికి సిఫారసు చేస్తారా అని 0 నుంచి 10 వరకు అంకె అడుగుతారు. 9, 10 ఇచ్చినవారి శాతం నుంచి 0 నుంచి 6 వరకు ఇచ్చినవారి శాతం తీసివేస్తారు. ఒకే వస్తువుకు ఏటేటా ఎలా ఉందో పోల్చుకోవడానికి ఇది పనికివస్తుంది. ఏమి మార్చాలో ఈ అంకె చెప్పదు. పైగా మొహమాటానికి పది వేసేవారి మధ్య ఆ అంకె మీద కట్టిన నిర్ణయాలు నిలబడవని నా అభిప్రాయం.

## ముఖాముఖి సంభాషణ

కొత్తవారు అనుకునేదానికన్నా తక్కువ మందితోనే ఇక్కడ పని అవుతుంది. అబీ గ్రిఫిన్, జాన్ హౌసర్ 1993లో మార్కెటింగ్ సైన్స్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఒకే తరహా వినియోగదారుల్లో 20 నుంచి 30 మందితో విడివిడిగా మాట్లాడితే వారి అవసరాల్లో 90 శాతం లేదా అంతకుమించి బయటపడతాయి. ఒకే తరహా అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. నార్పల చీనీ రైతునూ, ఆదోని పత్తి రైతునూ, పులివెందుల అరటి రైతునూ కలిపి ముప్పైమంది అని లెక్క వేసుకుంటే ఆ శాతం వర్తించదు.

అడిగే తీరులో ఒక్కటే నియమం పెట్టుకున్నాను: రాబోయే కాలం గురించి అడగను, జరిగినదాని గురించి అడుగుతాను. "ఇలాంటిది ఇస్తే కొంటారా?" అంటే కొంటామనే అంటారు. "మొన్న మోటారు కాలిపోయినప్పుడు ఏమి చేసినారు, ఎవరికి ఫోన్ చేసినారు, ఎంత ఖర్చయింది?" అని అడిగితే ఏ రోజో, ఎంత డబ్బో, ఏ మనిషో పేర్లతో సహా గుర్తొస్తాయి. ఆ చివరి ఖర్చే మన పరికరానికి అసలైన పోటీ.

## వాడే చోట కూర్చుని చూడటం

ఇన్ని దారుల్లో నాకు ఎక్కువ నేర్పినది ఇదే కనుక దీని గురించి కాస్త ఎక్కువగా రాస్తాను. సమస్య ఉన్న చోటికి స్వయంగా వెళ్లి కళ్లతో చూడాలన్నది జపాన్‌లోని టయోటా సంస్థ పని విధానంలో ఒక మూలసూత్రం. అమెరికాకు చెందిన ఇంట్యూట్ సంస్థ, తమ సాఫ్ట్‌వేర్ కొన్నవారి ఇంటికి వెళ్లి వారు దాన్ని ఎలా వాడుతున్నారో పక్కన నిలబడి చూసే అలవాటుతో పేరు తెచ్చుకుంది.

నార్పల దగ్గర ఒక చీనీ తోట యజమాని ఇంటికి ఉదయం వెళ్లాను. ఆయనకు అరవై దాటాయి. మంచం మీద కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, నేను అడిగినదానికి "ఏం ఇబ్బంది లేదు నాయనా, బాగానే పని చేస్తాంది" అన్నారు. అక్కడితో లేచి వచ్చి ఉంటే నా పుస్తకంలో ఆ ఒక్క వాక్యమే ఉండేది. కరెంటు వచ్చే వేళ దాకా అక్కడే ఉన్నాను. కరెంటు రాగానే ఆయన జేబులోంచి కీప్యాడ్ ఫోన్ తీసి, మోటారు అని దాచుకున్న నంబరుకు రింగ్ ఇచ్చి కోసేశారు. మా పరికరం పని అక్కడితో పూర్తయింది. ఆయన పని పూర్తి కాలేదు. వెంటనే ఇంకొక నంబరుకు ఫోన్ చేసి, తోట పక్కన ఉండే బావమరిదిని అడిగారు: "ఏం బామ్మర్దీ, నీళ్లు పడతాండాయా?" అవతలి నుంచి పడుతున్నాయని జవాబు వచ్చాక గాని ఫోన్ జేబులో పెట్టుకోలేదు.

రోజూ అలాగే చేస్తారా అని అడిగితే ఆయనకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. మోటారు తిరగడం వేరు, నీళ్లు రావడం వేరు. బోరులో నీరు తగ్గిన ఏడాది అది అందరికీ తెలిసిన సంగతే. ఆ రెండో ఫోన్ ఆయనకు ఇబ్బందిగా అనిపించలేదు కాబట్టి ఇబ్బందుల జాబితాలో చెప్పలేదు. బావమరిది ఊళ్లో లేని రోజు మాత్రం స్కూటరు తీసుకుని మూడు కిలోమీటర్లు వెళ్లి చూసుకుని వస్తానన్నారు.

నీళ్లు లేకుండా తిరిగే సబ్‌మెర్సిబుల్ మోటారు తీసుకునే కరెంటు తగ్గుతుంది. మా డబ్బా ఆ తగ్గుదలను ఎప్పటి నుంచో కొలుస్తూనే ఉంది, కాని మోటారును కాపాడటానికి మాత్రమే వాడుకుంటున్నాము. అదే కొలతను చూసి రెండు నిమిషాల తరువాత పరికరమే తిరిగి ఫోన్ చేసి, మోటారు మీద నీళ్ల బరువు పడిందో లేదో తెలుగులో చెప్పేలా మార్చాము. తోటలో పైపు జాయింటు ఊడిపోతే ఇది కనిపెట్టలేదు. ఆ సంగతి రైతులకు ముందే చెప్పి అమ్ముతున్నాము.

ఈ దారికి లోటు లేకపోలేదు. ఒక్కో ఇంటికి ఒక పూట పడుతుంది. కొత్త మనిషి చూస్తున్నాడని మొదట్లో జాగ్రత్తగా ప్రవర్తిస్తారు. ఒకరిద్దరిని చూసి అందరూ ఇంతే అనుకునే ప్రమాదం కూడా ఉంది. ఆ రెండో ఫోన్ అందరూ చేస్తారా అన్నది తరువాత వేరుగా ఫోన్ సర్వేలో అడిగి తేల్చుకోవలసి వచ్చింది. యాప్ తయారుచేసేవారికి మాత్రం ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. ఐదుగురికి యాప్ చేతికిచ్చి చూస్తే వాడకంలోని చిక్కుల్లో దాదాపు 85 శాతం బయటపడతాయని, వెబ్‌సైట్లూ సాఫ్ట్‌వేర్లూ ఎంత సులువుగా వాడగలమో పరిశోధించే జాకబ్ నీల్సన్ 2000లో రాశారు. అది తెర మీది చిక్కులకు వర్తించే అంచనా. అసలు ఆ యాప్ అవసరమా కాదా అన్నది ఐదుగురితో తేలదు.

## వాడకపు లెక్కలు, ఫిర్యాదుల పుస్తకం

పై పెద్దాయన విషయంలో మా సర్వర్‌లో నమోదైనది: ఒక కాల్, మోటారు ఆన్, విజయం. లెక్కల ప్రకారం ఆయన తృప్తిగా ఉన్న వినియోగదారుడు. మన పరికరం బయట జరిగే ఏ పనీ లెక్కల్లోకి రాదు.

అయినా లెక్కలు చూపినదాన్ని ఏ రైతూ చెప్పలేడు. కొన్ని ఊళ్లలో కరెంటు వచ్చిన తొలి నిమిషాల్లోనే స్టార్టర్లు పదేపదే ట్రిప్ అయి మోటార్లు ఆగిపోతున్నట్టు కనిపించింది. ఎవరో తప్పుగా వాడుతున్నారనుకున్నాము. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింది డబ్బాలను పక్కపక్కన పెట్టి సమయాలు చూస్తే సంగతి అర్థమైంది: కరెంటు రాగానే వాటంతట అవే ఆన్ అయ్యేలా ఆటోలో పెట్టిన మోటార్లన్నీ ఒకేసారి లేస్తున్నాయి, వోల్టేజి పడిపోతోంది, అన్నీ కలిసి పడిపోతున్నాయి. ఒక్కో మోటారు కొన్ని నిమిషాల తేడాతో లేచేలా చేస్తే సరిపోయింది. ఏ రైతుకైనా తన మోటారు ఒక్కటే కనిపిస్తుంది; ఊరంతా కలిపి కనిపించేది లెక్కల్లోనే.

ఫిర్యాదుల పుస్తకం రైతు మాటకూ లెక్కలకూ మధ్యలో ఉంటుంది. అందులో రైతు మాటను ఆయన అన్నది అన్నట్టుగా రాయాలి. మా దగ్గర మొదట్లో "పరికర లోపం" అని ఒకే మాటలో రాసేవారు. అన్నది అన్నట్టు రాయడం మొదలుపెట్టాక, మోటారు ఎత్తుకోవడం లేదన్న ఫిర్యాదుల్లో చాలావరకు సిమ్ వాలిడిటీ అయిపోయినవేనని తెలిసింది. గడువు ముగియడానికి వారం ముందు కొడుకు ఫోన్‌కు మెసేజ్ పంపడం మొదలుపెట్టాము. వాడకపు వివరాలు సేకరించేటప్పుడు ఎందుకు తీసుకుంటున్నామో చెప్పి అనుమతి తీసుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సంగతి అలా ఉంచినా, అది మనం వారికి ఇవ్వవలసిన మర్యాద.

## కొద్దిమందికి ఇచ్చి చూడటం

పదిమందికి ఒక పంట కాలం వాడటానికి ఇచ్చి చూడటం నిదానమైన దారి. ఉచితంగా ఇస్తే అందరూ బాగుందనే అంటారు కాబట్టి, కొంతైనా అడ్వాన్సు తీసుకోవాలి. డబ్బు పెట్టినవాడే లోపం చెబుతాడు.

## ఒకే చోట పోలిక

| దారి | ఎవరి గొంతు వినిపిస్తుంది | బాగా తెలిసేది | తెలియనిది | పట్టే సమయం |
|---|---|---|---|---|
| డీలర్లు | కొనేవారు | ధర, పోటీ | కొన్న తరువాతి సంగతి | ఒక రోజు |
| మెకానిక్‌లు | బిగించేవారు | ఎందుకు చెడిపోతోంది | చెడిపోనివాటి సంగతి | రెండు మూడు రోజులు |
| ప్రశ్నావళి | స్మార్ట్‌ఫోన్, తీరిక ఉన్నవారు | ఎంతమంది | ఎందుకు | ఒకటి రెండు వారాలు |
| ముఖాముఖి | మాట్లాడగలిగినవారు | కారణం, గత అనుభవం | అలవాటైపోయిన కష్టం | మూడు నాలుగు వారాలు |
| వాడే చోట చూడటం | నిజంగా వాడేవారు | చెప్పని అవసరం | ఎంతమందికి ఉంది | ఇంటికి ఒక పూట |
| వాడకపు లెక్కలు | అందరూ, కాని మౌనంగా | వేళలు, పోకడలు | పరికరం బయటి పని | వ్యవస్థ ఉంటే ఒక రోజు |
| కొద్దిమందికి ఇవ్వడం | డబ్బు పెట్టినవారు | నిలకడగా వాడతారా | కొత్త ఆలోచన | ఒక పంట కాలం |

సేకరించినవాటిని వడపోయడానికి జపాన్ ఆచార్యుడు నోరియాకి కానో 1984లో తన సహచరులతో కలిసి ఇచ్చిన విభజన నాకు పనికివచ్చింది. ఒక సదుపాయం ఉంటే ఎలా అనిపిస్తుంది, లేకపోతే ఎలా అనిపిస్తుంది అని రెండు ప్రశ్నలు జంటగా అడుగుతారు. మోటారు కాలకుండా కాపాడటం లేకపోతే కోపం, ఉంటే మెప్పేమీ ఉండదు; అది తప్పనిసరి. నీళ్ల కబురు చెప్పే ఫోన్ లేకపోయినా ఎవరూ తిట్టరు, ఉంటే పదిమందికి చెబుతారు. ఇలా సంతోషపెట్టినవి కొన్నేళ్లకు తప్పనిసరిగా మారిపోతాయి కాబట్టి ఈ విభజనను మళ్లీ మళ్లీ చేసుకోవాలి. తప్పనిసరులు సరిగా లేనప్పుడు సంతోషపెట్టేవాటి మీద డబ్బు పెట్టకూడదు.

## ఎవరికి ఏది

కడపలో ఇంటి దగ్గర కారంపొడి, చెనక్కాయల పొడి చేసి అమ్మేవారు ప్రశ్నావళి జోలికి పోనక్కరలేదు. మళ్లీ కొన్నవారెవరు, ఒకసారి కొని మానేసినవారెవరు అన్న రెండు జాబితాలు రాసుకుని, మానేసినవారిలో పదిమందితో మాట్లాడితే చాలు. వీలైతే రెండు మూడు ఇళ్లలో ఆ పొడి డబ్బా వంటింట్లో ఎక్కడ ఉందో చూడండి. పొయ్యి పక్కన ఉందా, అలమర వెనకకు చేరిందా అన్నది రుచి గురించి వారు చెప్పేదానికన్నా ఎక్కువ చెబుతుంది.

ధర్మవరం పట్టుచీరలను వాట్సాప్ ద్వారా అమ్మేవారి దగ్గర అప్పటికే పెద్ద నిధి ఉంది. కొనకుండా ఆగిపోయిన సంభాషణలను వెనక్కి వెళ్లి చదవాలి. ఏ ప్రశ్న తరువాత అవతలివారు మౌనం వహించారో గుర్తించాలి: రంగు పోతుందా అన్నప్పుడా, పగటి వెలుగులో ఫోటో అడిగినప్పుడా, ధర చెప్పినప్పుడా. వీరికి కొనేవారు, కట్టుకునేవారు వేరు కావచ్చు. పెళ్లికి పెట్టే చీర విషయంలో తప్పకుండా వేరే.

కర్నూలులో చదువు ముగించి రైతుల కోసం యాప్ చేయాలనుకునే యువకులు సాధారణంగా లెక్కలతో మొదలుపెడతారు. వాడేవారే లేనప్పుడు లెక్కలు ఏమి చెబుతాయి? కోడ్ రాసే ముందు కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి రైతులతో నాలుగు ఉదయాలు గడపండి. సరుకు దింపినప్పటి నుంచి డబ్బు చేతికి వచ్చేదాకా ఒకరి వెంటే ఉండండి. ఆయన ఎన్ని ఫోన్లు చేశారు, ఎవరికి చేశారు, ఏమి అడిగారు అన్నది రాసుకోండి.

వేల పరికరాలు ఇప్పటికే పొలాల్లో ఉన్న సంస్థలకు నా సలహా వేరు. వారికి లెక్కలు ఉన్నాయి, ఫిర్యాదులు ఉన్నాయి, లేనిది పొలం. లెక్కల్లో వింతగా కనిపించిన ఊరిని ఎంచుకుని, నిర్ణయాలు తీసుకునే మనిషే స్వయంగా అక్కడికి వెళ్లాలి. కింది ఉద్యోగి వెళ్లి తెచ్చిన నివేదికలో రెండో ఫోన్ కాల్ ఉండదు, ఎందుకంటే ఆయనను పంపినది మొదటి ఫోన్ గురించి అడగడానికి.

చేతిలో రెండే రోజులు, బండికి పెట్రోలు డబ్బులు మాత్రమే ఉంటే, మొదటి రోజు మెకానిక్ దుకాణంలో విప్పిన వస్తువుల మధ్య కూర్చోండి. ఆయన చెప్పిన ఒక ఊరికి రెండో రోజు వెళ్లండి. ఆ ఊరి ఫీడరుకు కరెంటు ఎన్ని గంటలకు వస్తుందో ముందే కనుక్కుని, దానికి గంట ముందు చేరండి. ప్రశ్నలన్నీ ఆ గంటలో అడిగేసి, కరెంటు వచ్చాక ఏమీ మాట్లాడకుండా చూస్తూ ఉండండి.